గిటారు అద్దెకు దొరుకుతుంది, సరే. ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

ఈ వారం ఉత్తరం విశాఖపట్నం నుంచి. మూడు పేజీలదాన్ని కుదించి ఇస్తున్నాను.

"నాకు 34 ఏళ్లు. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసర్ని. 2015లో నాన్న సర్వీసులో ఉండగానే పోయారు. కారుణ్య నియామకం కింద నాకు ఉద్యోగం ఇచ్చారు. అప్పుడు తమ్ముడు పదో తరగతి. వాణ్ణి బీటెక్ చదివించి 2021లో ఎమ్మెస్‌కి కెనడా పంపాను. కిందటేడు వాడు ఇష్టపడిన అమ్మాయితో పెళ్లి కూడా చేశాం. నాకు సంబంధాలు చూసి చూసి అమ్మ విసిగిపోయింది. ఇప్పుడు తమ్ముడూ మరదలూ కలిసి ఒక డేటింగ్ యాప్‌లో నా పేరున ప్రొఫైల్ తెరిచారు. హాబీలు కనిపించేలా ఆరు ఫొటోలు కావాలట. తమ్ముడు లిస్టు పంపాడు. వంజంగి కొండ మీద సూర్యోదయం, ఋషికొండ బీచ్‌లో పుస్తకంతో, వంటింట్లో గుత్తివంకాయ కూరతో, కుక్కపిల్లతో, కుండలు చేస్తూ, గిటారుతో. గిటారు అద్దెకు తీసుకోమన్నాడు. నిజానికి నాకు హాబీలంటూ ఏమీ లేవు. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నాను. అది ఇప్పుడు దుప్పటి చుట్టి అటక మీద ఉంది. వీణతో దిగితే అత్తగారిలా కనిపిస్తావు అన్నాడు తమ్ముడు. యాప్‌లో వచ్చే మెసేజ్‌లు ముందు వాడే చూసి, జవాబులిచ్చి, పనికొస్తాడు అనిపిస్తే నాకు చెబుతాడు. వాడి ఎడ్యుకేషన్ లోన్ ఇంకా నేనే కడుతున్నాను కాబట్టి ఫొటోగ్రాఫర్‌కి ఎక్కువ పెట్టలేను. ఏయే ఫొటోలు దిగితే బాగుంటుంది? గిటారా, వీణా?"

నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. మా ఆఖరి చెల్లెలి కన్నా చిన్నదానివి.

ముందు ఫొటోల సంగతి తేల్చేస్తాను, అది చిన్న పని. గిటారు వద్దు. వాయించడం రానిదాన్ని ఒళ్లో పెట్టుకుని దిగితే, చూసినవాడు అడిగే మొదటి మాట "ఏం పాటలు వాయిస్తారు?" అనే. అక్కడే అబద్ధం మొదలవుతుంది. అరువు తెచ్చిన కుక్కపిల్ల కూడా వద్దు, దాని పేరేంటని అడుగుతారు. కుండలు చేయడం నీకు రాదు, తడి మట్టితో చీర పాడవడం తప్ప దాని వల్ల ఒరిగేదేమీ లేదు. వంజంగికి వెళ్లాలనిపిస్తే వెళ్లు. చలికాలంలో తెల్లవారకముందే పైకెక్కితే కాళ్ల కింద మబ్బులు పరుచుకుని ఉంటాయి, చూడాల్సిందే. కానీ ఫొటో కోసమైతే వద్దు. పాడేరు దారి పట్టిన ప్రతివాడి ఫోన్‌లోనూ అదే ఫొటో ఉంది, అందులో ఎవరి మొహమూ సరిగ్గా కనపడదు.

ఈ హాబీ ఫొటోల వెనకున్న కిటుకు అంత పెద్దదేం కాదు. అవతలివాడికి మాట కలపడానికి ఒక కొస దొరకాలి, అంతే. ఆ కొస పట్టుకుని లాగితే వెనక మనిషి ఉండాలి. అందుకే మొదటి ఫొటో ఒక్కదానివే, పొద్దున కిటికీ దగ్గరి వెలుతురులో, నల్లకళ్లద్దాలు లేకుండా, మొహాన్ని పాలరాయి చేసే ఫిల్టర్లు లేకుండా. నిలువెత్తు ఫొటో ఒకటి. నువ్వు నిజంగా చేసే పని చేస్తూ రెండు. ఆరు ఉండాలని యాప్ పట్టుబడితే, మిగతావి నీ స్నేహితురాళ్లు తీసినవాటిలో నువ్వు నవ్వుతున్నవి వెతుక్కో. మెడలో బ్యాంకు ఐడీ కార్డు, వెనక బ్రాంచి బోర్డు, స్కూటీ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు ఏ ఫొటోలోనూ కనపడకూడదు. బ్యాంకు ఉద్యోగిని అని తెలిస్తే వాసన పట్టి వచ్చే రకాలు వేరే ఉంటాయి. నాలుగు రోజులు తీయగా మాట్లాడి, ఐదో రోజు షేర్లలో పెట్టుబడి గురించి చెప్పేవాణ్ణి అక్కడే బ్లాక్ చెయ్యి. డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలని కౌంటర్‌లో కస్టమర్లకు చెప్పేదానివి నువ్వే, నేను నీకు చెప్పేదేముంది.

ఇక అసలు సంగతి. నీ మూడు పేజీల్లో "తమ్ముడు" అన్న మాట ఇరవై రెండు సార్లు వచ్చింది. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి లెక్కపెట్టాను. "నాకు ఇష్టం" అన్న మాట ఒక్కసారీ లేదు. పెళ్లి చేసుకోవాలని నీకుందో లేదో కూడా నాకు తెలియలేదు. వచ్చే మనిషి ఎలా ఉండాలని కోరుకుంటున్నావో ఒక్క వాక్యం రాయలేదు. తమ్ముడికి నచ్చే ఫొటో ఏదో మాత్రం నన్నడిగావు.

నీ మెసేజ్‌లు వాడు చదవడమేమిటి? వాడే జవాబివ్వడమేమిటి? మన ఇళ్లలో పెళ్లి మాటలు పెద్దవాళ్లు మాట్లాడతారు, ఒప్పుకుంటాను. మధ్యవర్తి ఉంటాడు, మేనమామ ఉంటాడు, అందరూ ఎదురుగా హాల్లో కూర్చుని, ఎవరు ఎవరో తెలిసి మాట్లాడతారు. ఇది అలాంటిది కాదు. అవతల ఒక మగమనిషి రాత్రి భోజనం చేసి, నీతో మాట్లాడుతున్నాననుకుంటూ, కెనడాలో ఉన్న నీ తమ్ముడికి తన మనసులో మాట చెప్పుకుంటున్నాడు. ఆ మనిషి మంచివాడే అయితే రేపు ఈ సంగతి తెలిసినప్పుడు నీ మొహం ఎలా చూస్తాడు? ఇది వాణ్ణి మోసం చేయడం. నీకు జరుగుతున్నది అంతకంటే పెద్ద అవమానం. రోజూ లక్షల రూపాయల లోన్ కాగితాల మీద సంతకం పెట్టే మనిషివి, నీకొచ్చిన మెసేజ్ నువ్వు చదువుకోలేవా?

నీ తమ్ముడు చెడ్డవాడని నేననడం లేదు. నాన్న పోయేనాటికి పదో తరగతి పిల్లాడు. వాడికి నువ్వు సగం అక్కవి, సగం నాన్నవి. అక్క ఇంట్లో ఉండగా తను ముందు పెళ్లి చేసుకున్నానన్న ముల్లు లోపల ఎక్కడో గుచ్చుతూనే ఉంటుంది. నీకెవరినైనా చూసిపెడితే అది ఊడిపోతుందని తొందర. ఆ తొందరలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ బాకీ తీర్చుకోవడానికి వాడు తేలికైన దారి చూసుకున్నాడు. కష్టమైన దారి ఒకటుంది. దాని గురించి నువ్వు ఉత్తరం చివర, ఫొటోగ్రాఫర్ ఖర్చు సందర్భంలో, ఒక్క వాక్యంలో చెప్పి తప్పుకున్నావు.

అదే ఆ లోన్. ఉత్తరంలో ఇంకోచోట లెక్క మాత్రం రాశావు: 28 లక్షలు, నెలకు 37 వేల కంతు. కెనడాలో ఇద్దరూ జీతాలు తీసుకుంటున్నవాళ్ల అప్పు, అమ్మని చూసుకుంటూ విశాఖలో అద్దెకుంటున్న నువ్వు కడుతున్నావు. బ్యాంకులో ఉన్నదానివి, సహ రుణగ్రహీత అంటే, వాడితో పాటు అప్పుకి సంతకం పెట్టి తీర్చే బాధ్యత మోసే మనిషి అంటే, ఏమిటో నాకంటే నీకే బాగా తెలుసు. ఇంకో సంగతి కూడా తెలిసే ఉండాలి. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఆదాయపు పన్ను పాత విధానంలో మినహాయింపు ఉంది కదా, అది ఎవరి చదువుకి ఇస్తారు? సొంత చదువుకి, భర్తకో భార్యకో, పిల్లలకి, చట్టప్రకారం సంరక్షకులుగా ఉన్న విద్యార్థికి. ఆ వరసలో తోబుట్టువు లేడు. పన్ను చట్టం రాసినవాళ్లకి కూడా పెళ్లయిన తమ్ముడి కంతు అక్క కడుతుందన్న ఊహ రాలేదు.

ఉద్యోగంలో చేరిన రోజు నువ్వు రాసిచ్చిన కాగితం గుర్తుందా? కారుణ్య నియామకంలో చేరేవాళ్లు, పోయిన ఉద్యోగి మీద ఆధారపడినవాళ్లను చూసుకుంటామని హామీ రాసివ్వాలి. ఇరవై నాలుగేళ్ల పిల్లవి రాసిచ్చావు. రాసినదానికంటే ఎక్కువే చేశావు. నాన్నగారి స్థానంలో నిలబడ్డావు, చదివించావు, సముద్రాలు దాటించావు. తోబుట్టువు కోసం చేయడం తప్పని నాతో ఎవరైనా అంటే వాళ్లతో పోట్లాడతాను. కానీ ఆ కాగితంలో ఉన్న మాట "ఆధారపడినవాళ్లు" అని. అమ్మ ఇప్పటికీ ఆ మాటలోకే వస్తుంది. వాడు ఎప్పుడో బయటికి వెళ్లిపోయాడు. ఆ సంగతి మీ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అంతే.

మా మేనత్త గురించి చెప్పాలి. పంతులమ్మగా చేసి ముగ్గురు తమ్ముళ్లను చదివించింది. అందులో ఒకడు మా నాన్న. అంటే నా స్కూలు ఫీజులోనూ ఎక్కడో ఆమె జీతం ఉంది, కాబట్టి నీతులు చెప్పే హక్కు నాకు అంతగా లేదు. తమ్ముళ్లు ముగ్గురూ మంచివాళ్లే. రిటైరయ్యాక నాలుగేసి నెలలు వంతులు వేసుకుని చూసుకున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా మా అమ్మ "వదినా, ఏం వండమంటారు?" అని అడిగేది. "మీరేం తింటే అదే" అనేది. చిన్నప్పుడు నేనది ఆవిడ మంచితనమనుకున్నాను. ఆవిడ పోయాక ఒక మాసికం నాడు ఆమెకిష్టమైన కూర చేద్దామని కూర్చున్నాం. ముగ్గురు తమ్ముళ్లలో, ముగ్గురు మరదళ్లలో ఒక్కరికీ అదేమిటో తెలియదు. "నాకు హాబీలంటూ ఏమీ లేవు" అని నువ్వు రాసినచోట నేను కాసేపు ఆగిపోయాను.

ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్న పిల్లకి హాబీ లేకపోవడమేమిటి? నీకు ఉన్నదాన్ని అటకెక్కించారు. నాన్నగారు పోయిన ఏడాది ఇంట్లో పాటా వీణా వద్దన్నారు, సరే, అది మన పద్ధతి. ఏడాది మైల ముగిసి తొమ్మిదేళ్లు దాటింది. దించమని ఎవరూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. ఆ ఏళ్లలో నీ సాయంత్రాలు తమ్ముడి ఫీజుల లెక్కలకీ, వీసా కాగితాలకీ వెళ్లిపోయాయి.

కాబట్టి చేయాల్సినవి చెబుతాను. ఈ రాత్రే ఆ యాప్ నీ ఫోన్‌లోకి, నీ నంబరు మీదకి రావాలి. వాడు తెరిచిన ప్రొఫైల్ తీసేయించు. ఇష్టముంటే కొత్తది నువ్వే తెరువు, లేకపోతే వద్దు. డేటింగ్ యాప్ అంటే అమ్మ ముక్కు విరుస్తుందేమో, కానీ ఈ రోజుల్లో అక్కడా పెళ్లికి చూసుకునేవాళ్లున్నారు, కాలక్షేపానికొచ్చేవాళ్లూ ఉన్నారు. ఏ రకమో తేల్చుకోవడానికి ముప్పై నాలుగేళ్ల బుద్ధి చాలు.

రెండోది, ఆదివారం వాడికి ఫోన్ చెయ్యి. మరదలు పక్కన ఉన్నప్పుడే చెయ్యి, తర్వాత ఆ పిల్ల చాటుగా విని నొచ్చుకోకుండా ఉంటుంది. "వచ్చే నెల నుంచి కంతు నీ ఖాతా నుంచి వెళ్లాలిరా" అను. కారణాలు చెప్పకు, సంజాయిషీ అసలే ఇవ్వకు. వాళ్లకక్కడ ఇంటి అద్దె ఎక్కువని, చలికోట్లు ఖరీదని చెబుతాడు. విను. విని, ఇదే మాట మళ్లీ అను. వాడి ఖాతా నుంచి ఆటో డెబిట్ పెట్టించేదాకా మాత్రం నువ్వు కంతు ఎగ్గొట్టకు. సిబిల్ స్కోరు ఇద్దరిదీ పడిపోతుంది, నీ ఉద్యోగానికి అది మంచిది కాదు. మూడు నెలల గడువిచ్చి మారిస్తే చాలు. కొన్నాళ్లు మొహం ముడుచుకుంటాడు. ముడుచుకోనీ, అక్క మీద అలగకపోతే ఇంకెవరి మీద అలుగుతాడు? అమ్మ మాత్రం ఏడుస్తుంది. "వాడు పరాయి దేశంలో ఒంటరిగా" అంటుంది. వాడికి పెళ్లాం ఉంది, ఈ ఇంట్లో ఒంటరిగా ఉన్నది నువ్వేనని అమ్మకి మెల్లగా గుర్తుచెయ్యి.

మూడోది వీణ. అన్నేళ్లు అటక మీద, కింద వంటింటి వేడి, పైన స్లాబు వేడి తగులుతూ ఉంటే వీణ మెట్ల కింది మైనం కరిగి ఇరవై నాలుగింటిలో సగమైనా పక్కకు జరిగి ఉంటాయి. తీగలు తుప్పు పట్టి ఉంటాయి. బొబ్బిలి వీణ అని రాశావు కాబట్టి నువ్వు అదృష్టవంతురాలివి. పనస కర్ర తొలిచి వీణలు చేసే, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి పనివాళ్లు ఇంకా ఉన్నారు, ఆ వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక రెండో శనివారం పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి వచ్చేయొచ్చు. బాగుచేయించడానికి ఎంతవుతుందో అడుగు. 37 వేలు మాత్రం కాదులే.

తెచ్చుకున్నాక ఫొటో కోసం తొందరపడకు. మొదటి పదిహేను రోజులు వేళ్లు కోసుకుపోతాయి, సరళీ స్వరాలే తడబడతాయి. ఒక వర్ణం తప్పు లేకుండా వాయించగలిగేదాకా ఆగు. అప్పుడు దిగు, పట్టుచీర కట్టుకుని మాత్రం కాదు, బ్యాంకు నుంచి వచ్చి మార్చుకున్న ఇంటి చీరలోనే. అత్తగారిలా ఉన్నావని ఎవడైనా దాటిపోతే పోనీ, వాడితో నీకు పనేముంది?

ఫొటోగ్రాఫర్‌కి డబ్బు దండగ. అమ్మకి ఫోన్ ఇచ్చి తీయమను. ఆవిడ వేలు అడ్డం పెడుతుంది, సగం తల కోసేస్తుంది. పరవాలేదు, పది తీయించు.