ముందు మెట్లు లెక్కపెట్టు

చిట్టికి, అత్త ఆశీస్సులు.

నీకు కర్నూలు బదిలీ అయిందనీ, ఒక్కదానివే ఇల్లు తీసుకుని ఉంటానంటున్నావనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. చెప్పాడనడం కంటే మొరపెట్టుకున్నాడనాలి. "అన్నీ నీ పోలికలే" అని మధ్యలో నన్నూ రెండు తిట్టాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో రాస్తే సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు కనుక, పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

అద్దె ఇంట్లో చూసుకోవలసినవి నీకు తెలియనివి కావు. కరెంటు మీటరు విడిగా ఉండాలి. రెండు పోర్షన్లకు ఒకటే అయితే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబులోకి పోతాయి. కుళాయి నీళ్లు ఏ వేళకు వస్తాయో, బోరు నీళ్లలో సబ్బు నురగ వస్తుందో రాదో అడుగు. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు, కంగారు పడకు. ఖాళీ చేసేటప్పుడు గోడలకు సున్నం వేయించాలని అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో మాత్రం అందులో రాయించు. తాళం కొత్తది కొనుక్కో. ఇంతే.

ఇక అసలు సంగతి. రెండు ఆదివారాల్లో ఇల్లు తేల్చేస్తానని మీ నాన్నతో అన్నావట. సంక్రాంతికి నువ్వు తెచ్చిన ఆ కటాన్ ఆట గుర్తుందా? ఇటుకలు, కలప, గొర్రెల ఉన్ని ఇచ్చిపుచ్చుకుంటూ ఊళ్లు కట్టుకునే ఆట. మొదటి రెండు ఇళ్లూ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి పావుగంట తీసుకున్నావు. "ఒకసారి పెట్టాక కదిలించడానికి లేదత్తా" అన్నావు. ఎడారి పక్కన వద్దన్నావు. పాచికలు ఏ అంకె పడితే ఆ అంకె చోట ఇల్లున్నవాళ్లకే సరుకు కాబట్టి ఆరు, ఎనిమిది అంకెలున్న చోట్లే మంచివన్నావు. నేను లెక్కల టీచరును కదా, రెండు పాచికలు 36 రకాలుగా పడితే ఆరు అయిదు రకాలుగా, ఎనిమిది అయిదు రకాలుగా, దొంగను రప్పించే ఏడు ఆరు రకాలుగా పడుతుందని అక్కడే వేళ్ల మీద చెప్పాను. చెక్క ముక్కంత ఇంటికి పావుగంట పట్టిందా! నువ్వు పడుకుని లేవవలసిన ఇంటికి రెండు ఆదివారాలు చాలునా?

నేను ఎందుకిలా విసుక్కుంటున్నానో చెబుతాను. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

2009 వేసవిలో నాకూ కర్నూలుకే బదిలీ అయింది. నలభై దాటినా పెళ్లి కాని ఆడదానికి ఇల్లు దొరకడం ఎలా ఉంటుందో ఇప్పుడు నీకూ తెలుస్తుంది. నెల రోజులు తిరిగాను. బి క్యాంపు, సి క్యాంపు, వెంకటరమణ కాలనీ, పాతబస్తీ ఏదీ వదల్లేదు. 1953లో ఊరు రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన క్యాంపులవి, ఇన్ని ఇళ్లలో ఒక ఉద్యోగినికి చోటు దొరకదా అనుకునేదాన్ని. ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట. "ఒక్కరేనా? మీవారెక్కడ? చుట్టాలెవరు వస్తుంటారు?" మా ఆయన గల్ఫులో ఉన్నాడని చెప్పెయ్యమని తోటి టీచరు సలహా ఇచ్చింది. చెప్పలేదు. లేని మొగుణ్ని ఒకసారి పుట్టిస్తే ప్రతి పండక్కీ వాడు ఎందుకు రాలేదో చెప్పుకోవాలి.

అప్పుడు హంద్రీ నది వైపు ఒక ఇల్లు దొరికింది. కింది పోర్షను. ఓనరు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. అద్దె కూడా మిగతావాటికన్నా తక్కువ. గోడలకు కొత్త సున్నం, కింద మోకాలెత్తు వరకు ముదురాకుపచ్చ ఎనామెల్ రంగు. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను. వీధిలోంచి గుమ్మానికి ఒకే ఒక్క మెట్టు, మోకాళ్ల నొప్పులకు హాయి అనుకున్నాను. నన్నేమీ అడగని మనిషిని నేను మాత్రం ఏమి అడుగుతానులే అని ఆ పూటే అడ్వాన్సు చేతిలో పెట్టేశాను. నా తప్పల్లా అదేనమ్మా. ఇల్లు నచ్చి తీసుకోలేదు, నన్ను కాదనలేదని తీసుకున్నాను.

అక్టోబరు 2, శుక్రవారం, గాంధీ జయంతి సెలవు. పైన తుంగభద్ర, పక్కన హంద్రీ రెండూ పొంగాయి. 885 అడుగుల పూర్తి మట్టం దాటి శ్రీశైలం నిండిపోయి ఉంది, నీళ్లు కిందికి దిగే దారి లేదు. ఇవన్నీ తర్వాత పేపర్లో చదివి తెలుసుకున్నవి. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే. నీళ్లు ముందు వీధి గుమ్మంలోంచి రాలేదు. స్నానాలగది తూములోంచి బుడబుడమంటూ వచ్చాయి. పాత దుప్పటి కుక్కాను. చూస్తుండగానే దుప్పటి తేలింది. పై పోర్షను ఆవిడ, నేను ఎప్పుడు వస్తున్నానో ఎప్పుడు పోతున్నానో కనిపెడుతుందని విసుక్కునేదాన్నే ఆవిడను, మెట్ల మీద నుంచి కేకేసి చేయి పట్టుకుని పైకి లాగింది. ఆ రాత్రి మిద్దె మీద పదకొండు మందిమి. అందరికీ కలిపి ఒక సంచి బొరుగులు.

నీళ్లు తీశాక కిందికి దిగితే ఇల్లంతా చీలమండలు దాటి బురద. అమ్మ, అంటే మీ నాయనమ్మ, నాకిచ్చిన వామనగుంటల పీట ట్రంకు పెట్టెలో ఉండేది. పెట్టె మూత లేచిపోయి, పీట ఎలా తేలి వచ్చిందో వంటగది అరుగు మీద ఉంది. గుంటలు పద్నాలుగూ ఒండ్రుతో నిండిపోయాయి. చింతపిక్కల సంచి మాత్రం దొరకలేదు. రెండు వారాలకు అనుకుంటాను, పెరట్లోకి ఎత్తిపోసిన బురదలోంచి చింతమొక్కలు వరసగా తలలెత్తాయి. అప్పటిదాకా ఏడవనిదాన్ని, వాటిని చూసి ఏడ్చాను.

వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆయన అప్పుడన్నాడు, "అడిగి ఉంటే చెప్పేవాళ్లం కదా మేడం, అంతకుముందు కూడా హంద్రీ ఆ ఇంట్లోకి మోకాలి దాకా వచ్చింది" అని. మోకాలి దాకా! ఆకుపచ్చ రంగు ఎంతవరకు వేశారో మళ్లీ పైకి చదువుకో.

కాబట్టి ఓనరు కంటే ముందు ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లు, పాలు పోసేవాళ్లను అడుగు. వాళ్లకు ఇంటి లోపలి సంగతులు కూడా తెలుస్తాయి. నీళ్లకు భయపడి మరీ పై అంతస్తుకు ఎగబాకకు, మే నెల కర్నూలు ఎండకు ఆ శ్లాబు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి వెళ్లి చూడు, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ వెళ్లు. బేతంచెర్ల బండలు పరిచిన ఇల్లు దొరికితే అదృష్టం, శనివారాలు నువ్వూ నీ స్నేహితులూ కింద కూర్చుని ఇలాంటి ఆటలు ఆడుకోవడానికి చల్లగా ఉంటుంది.

మీ శనివారాల ఆట గురించి ఓనరుకు ముందే చెప్పు. దాచకు. నలుగురైదుగురు, అందులో మగపిల్లలూ ఉంటారు, రాత్రి పదింటి దాకా కూర్చుంటారు అని ఉన్నదున్నట్టు చెప్పు. మన దగ్గర ముక్కలు, పాచికలు అనగానే పేకాట, జూదం అనే అనుకుంటారు, వాళ్ల తప్పు కాదు. 2020లో ఆన్‌లైన్ రమ్మీని ప్రభుత్వమే నిషేధించాక ఆ మాటంటేనే బెదురుతున్నారు. డబ్బు లేదని నోటితో చెబితే నమ్మరు. ఒక శనివారం ఓనరు పిల్లలనే కూర్చోబెట్టి ఆడించు. పాచికల కింద మందపాటి తువ్వాలు పరుచు, బండల మీద గలగలమంటే పక్కింటికి వినిపిస్తుంది. ఇదంతా విని కూడా ఇల్లిచ్చే మనిషి దగ్గరే ఉండు. ప్రశ్నలడిగారని మొహం ముడుచుకుని వచ్చేయకు. అడగనివ్వు, ఆ తర్వాత నువ్వూ అన్నీ అడుగు.

నీకు భయం లేదని నాకు తెలుసు. ఆ భయమేదో నేను పడుతున్నాను, మీ నాన్నను నేను చూసుకుంటాను. నిజం చెప్పనా, నువ్వు ఒక్కదానివే ఉంటానన్నావని వినగానే గర్వంగా అనిపించింది. నా రోజుల్లో ఆ మాట అనడానికి నాకు ముప్పై అయిదేళ్లు వచ్చాయి.

వామనగుంటల పీట ఇంకా నా దగ్గరే ఉంది, ఒక మూల చిన్న పగులు. ఇల్లు కుదిరాక ఒక శనివారం అనంతపురం నుంచి పట్టుకొస్తాను, చింతపిక్కలు కూడా ఎండబెట్టి ఉంచాను. మీ స్నేహితుల్లో లెక్క బాగా వచ్చినవాళ్లను నాకు ఎదురుగా కూర్చోబెట్టు.

ఏ ఇల్లు చూసినా ఆ సాయంత్రమే ఫోను చెయ్యి. అద్దె సంగతి తర్వాత, వీధిలోంచి గుమ్మానికి ఎన్ని మెట్లున్నాయో ముందు చెప్పు.

అత్త