వాయిద్య సందేహాలు: మొదటి బేస్ గిటార్

ప్రశ్న: నేను హనుమకొండలో ఇంటర్ చదువుతున్నాను. నాలుగేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. మా చర్చి సంగీత బృందంలో బేస్ గిటార్ వాయించే అన్న ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోవడంతో ఆ బాధ్యత నన్ను తీసుకోమన్నారు. నాన్న 30,000 రూపాయల వరకు ఇస్తానన్నారు. నా వేళ్లు పొట్టివి, బేస్ పట్టుకోగలనా? నాలుగు తీగలది తీసుకోవాలా, ఐదు తీగలదా? తెలిసినవాళ్లు పాతది ఒకటి అమ్ముతామంటున్నారు, కొనవచ్చా? ధ్వనిని పెంచే యాంప్ వేరే కావాలా, నా గిటార్ యాంప్ సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు చివర అడిగిన యాంప్ సంగతే ముందు చెబుతాను. బేస్ కోసం ఎంత ఖర్చు పెట్టవచ్చో తేలేది దానితోనే. మీ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్‌లోని లావు తీగ 41 సార్లే కంపిస్తుంది, అంటే సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. అంత మంద్రమైన నాదాన్ని పెద్దగా వినిపించాలంటే స్పీకరు ఎంతో ఎక్కువ గాలిని కదపాలి. గిటార్ యాంప్‌లోని స్పీకరును అందుకోసం తయారు చేయలేదు. ఇంట్లో నెమ్మదిగా సాధన చేసుకోవడానికి పనికి వచ్చినా, ధ్వని పెంచితే స్పీకరు చెడిపోయే ప్రమాదం ఉంది. కీబోర్డు యాంప్ దీనికన్నా మేలు. మీ చర్చిలో మిక్సరు ఉంటే డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె ద్వారా బేస్‌ను నేరుగా దానికే కలపవచ్చు కాబట్టి, డ్రమ్స్ పక్కన నిలబడగల పెద్ద బేస్ యాంప్ ఇప్పుడే అక్కరలేదు. ఇంటికి 20 నుంచి 40 వాట్ల సాధన యాంప్ చాలు. ఈ లెక్కన బేస్‌కు 18,000 నుంచి 20,000 రూపాయలు దాటకుండా చూసుకోండి. మిగిలినది యాంప్, డీఐ బాక్స్, కేబుల్, వెడల్పాటి స్ట్రాప్, ట్యూనర్, మెత్తటి సంచీ, కొన్నాక చేయించవలసిన సెటప్ (తీగల ఎత్తు, మెడ వంపు సరిచేయించడం) కలిపి తినేస్తాయి. డబ్బంతా బేస్ మీదే పెట్టి, దాని అసలు గొంతు ఏడాది దాకా వినలేకపోయిన విద్యార్థులను నేను చూశాను.

ఇక వేళ్ల సంగతి. దీని గురించి భయపడి బేస్ మానుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ నాటి నుంచి నట్‌కూ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) బ్రిడ్జ్‌కూ (ఒళ్లు మీద తీగలు ఆనే చోటు) మధ్య తీగ పొడవు 34 అంగుళాలు ఉండటం ఆనవాయితీ అయింది. ఆ కొలతలో నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కు, అంటే మెడ అనే పొడవాటి పిడి మీది మొదటి లోహపు పట్టీకి, సుమారు 4.8 సెంటీమీటర్ల దూరం ఉంటుంది; మీ గిటార్‌లో అది 3.6 దగ్గర ఉంటుంది. ఈ తేడా చేతికి వెంటనే తెలుస్తుంది. అయితే వేలికో ఫ్రెట్ చొప్పున నాలుగు వేళ్లనూ చాచవలసిన అవసరం లేదు. నిలువు డబుల్ బేస్ వాయించేవారు కింది స్థానాల్లో చూపుడు వేలు, నడిమి వేలు, చిటికెన వేలు వాడి, ఉంగరపు వేలిని చిటికెన వేలికి తోడుగా మాత్రమే ఉంచుతారు. మీరూ అలాగే వాయిస్తూ, మొదటి ఫ్రెట్‌ల దగ్గర వేళ్లు చాచకుండా చేతినే జరుపుకుంటూ వెళితే 34 అంగుళాలది పొట్టి వేళ్లకూ లొంగుతుంది. దుకాణంలో పది నిమిషాలు అలా వాయించినా మణికట్టు నొప్పి పుడుతుంటే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ అడగండి. మొదటి ఫ్రెట్ దూరం అందులో 4.3 సెంటీమీటర్లకు తగ్గుతుంది. కాని లావు తీగ కొంచెం వదులుగా పలుకుతుంది, దానికి సరిపోయే తీగలు మన ఊళ్లలో సులభంగా దొరకవు.

పొడవుతో పాటు మెడ వెడల్పునూ చూడాలి, నిజానికి చాలామంది చేతులు ఇబ్బంది పడేది ఇక్కడే. 1960లో వచ్చిన జాజ్ బేస్ పద్ధతిలో నట్ దగ్గర వెడల్పు 38 మిల్లీమీటర్లు. ప్రెసిషన్ పద్ధతిలో 41 లేదా అంతకన్నా ఎక్కువ. మీకు మొదటిదే అనుకూలమని నా అభిప్రాయం. ఐదు తీగల బేస్‌లో మెడ ఇంకా వెడల్పవుతుంది. అందులోని అదనపు తీగ సెకనుకు 31 సార్లే కంపిస్తుంది, చిన్న యాంప్ ఆ స్వరాన్ని సరిగా వినిపించలేదు. నాలుగు తీగలదే కొనండి. పాట డి శ్రుతిలో ఉండి ఇంకా కింది స్వరం కావాలనిపిస్తే లావు తీగను ఈ నుంచి డి స్వరానికి, అంటే రెండు ఫ్రెట్‌ల మేర, దించుకోవచ్చు.

యమహా, ఐబనేజ్, స్క్వయర్, కోర్ట్ కంపెనీలు మొదటిసారి కొనేవారికి తగిన బేస్‌లు చేస్తాయి. వాటిలో ఏది అన్నదానికన్నా మీ చేతిలో ఉన్న ఆ ఒక్క బేస్ ఎలా ఉంది అన్నదే ముఖ్యం, ఎందుకంటే ఒకే మోడల్‌లో పక్కపక్కన ఉన్న రెండు వాయిద్యాలు కూడా ఒకేలా ఉండవు. అందుకే ఆన్‌లైన్‌లో తెప్పించుకోకుండా, ఒక రోజు కేటాయించి కాజీపేటలో పొద్దుటి రైలెక్కి హైదరాబాద్ దుకాణాలకు వెళ్లి చూడమంటాను. అక్కడ స్ట్రాప్ వేసుకుని, నిలబడి, బేస్ మెడ మీది నుంచి చేయి తీసేయండి. తల (మెడ చివర తీగలు బిగించే భాగం) నేల వైపు వాలిపోయే బేస్‌ను మీ ఎడమ చేయి రెండు గంటల ఆరాధన అంతా మోయవలసి వస్తుంది. యాంప్‌కు కలపకముందే ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీద వాయించి, ఎక్కడైనా గరగరమంటుందేమో, సన్న తీగ 5, 6, 7 ఫ్రెట్‌ల దగ్గర నాదం తొందరగా చచ్చిపోతుందేమో వినండి.

పాతదాన్ని తప్పకుండా చూడండి. మంచిది దొరికితే అదే డబ్బుకు కొత్తదానికన్నా మెరుగైన వాయిద్యం మీ చేతికి వస్తుంది. లావు తీగను మొదటి ఫ్రెట్ మీదా, మెడ ఒళ్లుతో కలిసే చోటి ఫ్రెట్ మీదా ఒకేసారి నొక్కి ఉంచి, ఏడు, ఎనిమిదో ఫ్రెట్‌ల దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు మందం ఖాళీ ఉందో లేదో చూడండి. ఖాళీ అంతకన్నా చాలా ఎక్కువగా ఉన్నా, అసలే లేకపోయినా మెడ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని తిప్పి సరిచేయవచ్చు. ఆ రాడ్ ఇంకా తిరుగుతుందని మాత్రం తెలిసినవారి చేత చూపించుకోండి. తల వైపు నుంచి చూసినప్పుడు మెడ మెలితిరిగి కనిపిస్తే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఫ్రెట్‌ల మీద లోతైన గాడులు ఉంటే వాటిని మార్పించే ఖర్చు తగ్గించి బేరమాడండి. నాబ్ తిప్పినప్పుడు వచ్చే చిటపట శబ్దం చాలావరకు దుమ్ము వల్లనే కాబట్టి దానికి బెదరకండి.

మన ప్రాంతపు ఎండలో కొయ్య ఎండి కుదించుకుపోవడం వల్ల ఫ్రెట్ అంచులు మెడ పక్కన చేతికి గీరుకుంటాయి; వానలు పడ్డాక మెడ వంపు మళ్లీ మారుతుంది. బేస్‌ను రేకుల గదిలో గాని, ఎండలో ఆగిన కారులో గాని వదలకండి. ఏప్రిల్‌లో ఒకసారి, వానలు నిలకడయ్యాక ఒకసారి మెడ చూపించుకోండి.

ప్రశ్న: రెండేళ్ల కిందట కొన్న, బ్యాటరీతో పనిచేసే నా యాక్టివ్ బేస్ వారం నుంచి పగిలినట్టు, నీరసంగా పలుకుతోంది. తీగల కంపనాన్ని పట్టే పికప్‌లు పోయాయా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మొదట వెనక మూత తీసి 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. యాక్టివ్ బేస్‌లో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ, మీరు వాయించకపోయినా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. సాధన అయిపోగానే కేబుల్ తీసివేయండి. కొత్త బ్యాటరీతోనూ అలాగే పలికితే అప్పుడు మెకానిక్‌కు చూపించండి.