విజిట్ వీసా మీద దుబాయ్‌లో వంట పనికి లక్షా ఎనభై వేలు అప్పు చేయొచ్చా?

ప్రశ్న: సార్, మాది సోంపేట దగ్గర పల్లె. వయసు 29. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఏడేళ్లుగా విశాఖపట్నంలో ఒక హోటల్లో వంట మాస్టర్‌గా చేస్తున్నాను. సౌత్, తందూరి రెండూ వచ్చు. తిండి, గది హోటల్ వాళ్లవే. జీతం 22 వేలు, అందులో ఇంటికి 18 వేలు పంపుతాను. ఇచ్ఛాపురం వైపు ఒక ఏజెంటు దుబాయ్ రెస్టారెంటులో పని ఉందంటున్నాడు. నెలకు 1,800 దిర్హంలు, తిండి, గది ఇస్తారట. ముందు విజిట్ వీసా మీద వెళ్తే అక్కడ కంపెనీ వీసా కొట్టిస్తారట. లక్షా ఎనభై వేలు అడుగుతున్నాడు. లండన్ అయితే 12 లక్షలట. నాన్న 30 సెంట్ల కొబ్బరి తోట అమ్మేద్దామంటున్నారు. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు కూడా పుడుతుంది. నా భార్య బంగారం ఐదు తులాలుంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, తోట అమ్మాలా, అప్పు చేయాలా, బంగారం పెట్టాలా అని అడిగారు. ఆ మూడింటికంటే ముందు తేల్చుకోవాల్సింది మీ చేతికి రాబోయే వీసా సంగతి. డబ్బు ఏ దారిలో తెచ్చినా, అది తిరిగి వస్తుందో రాదో తేల్చేది పాస్‌పోర్టులో పడే ఆ ముద్రే.

ఏజెంటు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లినవాడికి అక్కడ ఉద్యోగం దొరికితే, కంపెనీ వర్క్ పర్మిట్ తీసుకుంటే, దేశం దాటకుండానే వీసా మార్చుకోవచ్చు. అలా మార్చుకున్నవాళ్లు మన ఉద్దానంలోనే ఉన్నారు. వాళ్లను చూపించే ఏజెంట్లు మిగతావాళ్లను నమ్మిస్తారు. ఆయన చెప్పని సగం ఇది: పర్మిట్ చేతికి వచ్చేదాకా మీరు అక్కడ ఒక్క రోజు కూడా వంటింట్లో నిలబడకూడదు. ‘వీసా వస్తుందిలే, ఈలోగా ట్రయల్ చెయ్’ అన్నా అది చట్టవిరుద్ధమే. పర్మిట్ లేని మనిషిని పనిలో పెట్టుకుంటే యజమానికి లక్ష దిర్హంల నుంచి పది లక్షల దిర్హంల దాకా జరిమానా అని 2024లో అక్కడి చట్టం మార్చారు. తనిఖీ వచ్చిన రోజున అంత జరిమానా ముందు పెట్టుకుని ఏ యజమానీ మీకు అండగా నిలబడడు. ఇక మీరు చేసిన పనికి జీతం ఎవరిని అడుగుతారు?

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి మీ పాస్‌పోర్టు ఈసీఆర్ రకం అయి ఉంటుంది. అంటే గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయ్‌లాండ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే మన ప్రభుత్వం ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇవ్వాలి. చాలామంది దీన్ని తలనొప్పి అనుకుంటారు. నిజానికి మీలాంటివాళ్లకు కాపలా అదే. క్లియరెన్స్ కావాలంటే కంపెనీ పేరు, జీతం, కాంట్రాక్టు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు కావాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కూడా తీసుకోవాలి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపేవాడు మీకు క్లియరెన్స్ లేకుండా చేస్తున్నాడు. దాంతో ఆ కాపలా మొత్తం పోతుంది. ఎయిర్‌పోర్టులో అడిగితే ‘చుట్టాలింటికి వెళ్తున్నా’ అని చెప్పమంటాడు. ఆ అబద్ధం చెప్పేది మీరు, ఆయన కాదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. దిర్హం 23 రూపాయలు అనుకుంటే 1,800 దిర్హంలు 41,400 రూపాయలు. ఫోను, సబ్బులు, సెలవు రోజు ఖర్చు కలిపి 300 దిర్హంలు తీసేస్తే 34,500 మిగులుతుంది. ఇప్పుడు మీరు ఇంటికి 18 వేలు పంపుతున్నారు. అంటే దుబాయ్ వెళ్లడం వల్ల మీకు కొత్తగా వచ్చేది నెలకు 16,500. ‘నలభై వేల జీతం’ అని ఊళ్లో చెప్పుకుంటారు గానీ అప్పు తీర్చేది ఈ పదహారున్నర వేలే.

లక్షా ఎనభై వేలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే మొదటి నెల వడ్డీయే 5,400. మొత్తం 16,500 దానికే కట్టినా అప్పు తీరేసరికి పద్నాలుగో నెల వస్తుంది. అదీ వెళ్లిన నెల నుంచే జీతం పడితే. అలా కాక రెండు నెలలు వీసా మారక గదిలో కూర్చుని తిరిగొచ్చేస్తే? రెండు నెలల విశాఖ జీతం 44 వేలు పోయింది, వడ్డీ 10,800 అయింది. అసలుతో కలిపితే 2,34,800. అక్కడ తిండికి, బెడ్ స్పేస్ (గదిలో ఒక మంచం) అద్దెకు పెట్టింది ఇందులో కలపలేదు. గడువు దాటి ఉండిపోతే రోజుకు 50 దిర్హంల జరిమానా, అంటే నెల రోజులకు మరో 34,500.

టెక్కలి వైపు నుంచి ఒకాయన కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు వచ్చారు. కువైట్‌కు ఇంటి పని వీసా మీద పంపి, రెస్టారెంటులో పెట్టారు. అక్కడ ఇంటి పనివాళ్లది ఆర్టికల్ 20 వీసా, ప్రైవేటు కంపెనీ పనివాళ్లది ఆర్టికల్ 18. ఒక దాని మీద వెళ్లి రెండో పని చేయకూడదు. ఆయనకు ఆ తేడా తెలియదు. తనిఖీలో దొరికాక వెనక్కి పంపేశారు. భార్య పుస్తెలతాడు అప్పటికే తాకట్టులో ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు వీసా కాగితం చూపించి చెప్పాల్సి వచ్చింది. వెళ్లకముందు అదే కాగితం ఎవరైనా చదివి చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

లండన్ మాట అసలు వద్దు. షెఫ్ పని చూపించి స్కిల్డ్ వర్కర్ వీసాకు కొత్తగా దరఖాస్తు చేసే దారి 2025 జులై 22తో మూసుకుపోయింది. ఆ వీసాను ప్రధానంగా డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే పరిమితం చేశారు. ఇప్పుడు 12 లక్షలు తీసుకుని ‘లండన్ రెస్టారెంటు’ అంటున్నవాడు లేని ఉద్యోగాన్ని అమ్ముతున్నాడు.

మీ చేతి పనికి నిజంగా విలువ ఉన్న చోటు సింగపూర్. 2023 సెప్టెంబర్ 1 నుంచి అక్కడి ఇండియన్ రెస్టారెంట్లు మన దేశం నుంచి వంటవాళ్లను వర్క్ పర్మిట్ మీద తెచ్చుకోవచ్చు. కనీస జీతం 2,000 సింగపూర్ డాలర్లు ఉండాలి. బయల్దేరేముందే యజమాని ఐపీఏ అనే అనుమతి లేఖ పంపాలి, అందులో జీతం రాసి ఉంటుంది. మీకు తందూరి అనుభవం ఉంది కాబట్టి ఈ దారి తప్పకుండా చూడండి. ఒక్క జాగ్రత్త. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియా సైబర్ ముఠాలకు అప్పగించిన కేసు 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఐపీఏ లేఖ లేకుండా, బ్యాంకాక్ మీదుగా పంపుతామంటే ఆగిపోండి.

దుబాయే వెళ్లాలనుకుంటే వెళ్లండి, తప్పు లేదు. కానీ ఎంప్లాయ్‌మెంట్ వీసా చేతికి వచ్చాకే వెళ్లండి. ఏజెంటును విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఈ-మైగ్రేట్ సైట్‌లో సరిచూసుకోండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని విదేశీ పనికి పంపడం నేరం. ఉన్నవాళ్లు కూడా సర్వీసు చార్జీ కింద 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400కు మించి తీసుకోకూడదు. దానికి రసీదు ఇవ్వాలి. దుబాయ్‌లోని చట్టం ప్రకారమైతే నియామకం ఖర్చు యజమానిదే, పనివాడి దగ్గర వసూలు చేయకూడదు. మరి మీ దగ్గర అడిగిన లక్షా ఎనభై వేలు దేనికో ఆయన్నే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వడు.

అలా వెళ్తే పాస్‌పోర్టు, మెడికల్, బట్టలు, దారి ఖర్చు అన్నీ కలిపి అరవై వేలలోపే అవుతుంది. దానికి తోట అమ్మక్కర్లేదు. తిత్లీ తుపానులో పడిపోయిన చెట్ల చోట మళ్లీ నాటి పెంచుకున్న తోటలు మనవి. ఒక్కసారి అమ్మితే మీ నాన్నగారి వయసులో తిరిగి కొనలేరు. ఊరి అప్పు అసలొద్దు. బంగారంలో ఒకటి, మహా అయితే ఒకటిన్నర తులం బ్యాంకులో పెట్టండి. ఏడాదికి పది శాతం వడ్డీ అనుకున్నా అరవై వేలకు నెలకు 500 పడుతుంది. అదే ఊళ్లో అయితే 1,800. కొత్తగా వచ్చే పదహారున్నర వేలతో ఈ అప్పు నాలుగు నెలల్లో తీరి, బంగారం ఇంటికొస్తుంది. మిగతా బంగారం కదపకండి. మీ భార్యకు మీరు లేనప్పుడు ధైర్యం అదే.

బయల్దేరేముందు విశాఖ హోటల్ యజమానితో మాట మంచిగా ఉంచుకోండి. రెండు నెలల ఇంటి ఖర్చు భార్య ఖాతాలో వేసి వెళ్లండి. అక్కడ రెసిడెన్స్ వీసా వచ్చాక ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండే భారతీయులకు ఇచ్చే బ్యాంకు ఖాతా) తెరిచి బ్యాంకు ద్వారానే పంపండి, హవాలా వద్దు.

కాంట్రాక్టులో మొత్తం జీతం కంటే బేసిక్, అంటే అలవెన్సులు కలపని అసలు జీతం ముఖ్యం. ఏడాది దాటి పనిచేస్తే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ (పని మానేటప్పుడు ఇచ్చే సొమ్ము) లెక్కగడతారు. 1,800లో బేసిక్ 1,200 అయితే ఏడాదికి 840 దిర్హంలు. బేసిక్ 600 అని రాస్తే అందులో సగమే.

ఏజెంటు మీద అనుమానం ఉంటే విదేశాంగ శాఖ టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కు ఫోన్ చేయండి. ఆఫర్ లెటర్ వస్తే, సంతకం పెట్టకముందే దాని కాపీ నాకు పంపండి. బేసిక్ ఎంత, పని గంటలు ఎన్ని రాశారో చూసి చెబుతాను.