బిడ్డా, ముందు ర్యామ్ కొలుచుకో

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు హైదరాబాద్ నౌకరీ ఇడిసిపెట్టి కరీంనగర్‌ల రూమ్ తీసుకున్నదట. ముగ్గురు కలిసి ఏదో కంప్యూటర్ బోర్డు చేస్తున్నరట, అది లేస్తనే లేదట. నువ్వన్నా చెప్పు తమ్మీ" అని సగం ఏడుపు. "చెప్తలే అక్కా" అన్నాను కానీ ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. రెండు గంటలకు లేచి మంచినీళ్లు తాగుతుంటే మీ అత్త "బోర్డు దానిదా, నీదా?" అని అడిగింది. మన ఇంట్లో నా తర్వాత లినక్స్ కెర్నెల్ (యంత్రాన్ని నడిపే అసలు ప్రోగ్రామ్) ముందు కూర్చున్నది నువ్వొక్కదానివే. ఏం చేయమంటావు?

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. "కెర్నెల్ ప్యానిక్ – నాట్ సింకింగ్" అన్న ఆఖరి ఇరవై లైన్లు తప్ప అందులో ఏమీ లేదు. పీనుగ ఫొటో పంపి ఏం రోగమో చెప్పమంటే ఎట్లా? సీరియల్ లాగ్ (సీరియల్ వైరు మీద బోర్డు పంపే మాటలు) మొత్తం, మొదటి అక్షరం నుంచి, ఫైల్‌లోకి తీసి పంపు. స్క్రీన్ ఖాళీగా ఉంటే కెర్నెల్ కమాండ్ లైన్‌లో ఎర్లీకాన్ పెట్టు, మొదటి మాటలు కూడా బయటికి వస్తాయి. దాని పక్కనే మెమ్‌బ్లాక్=డీబగ్ కూడా పెట్టు. ఈ రెండూ పెట్టకుండా నాకు ఫోన్ చేయకు. చేస్తే మీ అత్తకు ఇస్తా, పెళ్లి మాట మొదలుపెడుతుంది.

నీకు తెలిసిందే, అయినా చెప్తాను. కెర్నెల్ అప్పుడే కళ్లు తెరిచినప్పుడు దాని దగ్గర పేజీల లెక్కన ర్యామ్ పంచే బడ్డీ ఉండదు, చిన్న ముక్కలు పంచే స్లాబ్ ఉండదు. ఉండేది మొదట్లో ర్యామ్ పంచే మెమ్‌బ్లాక్ ఒక్కటే. దాని చేతిలో రెండు లిస్టులు. ఒకదాంట్లో ఉన్న జాగా, రెండోదాంట్లో ఇప్పటికే ఎవరికో రాసిచ్చిన జాగా. మామూలుగా మొదట ఒక్కోదాంట్లో 128 వరుసలే. ఎవరైనా అడిగితే మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి, మిగిలినదాంట్లో చాలినంత ఉంటే ఇస్తుంది. తర్వాత మిగిలిన పేజీలన్నీ బడ్డీకి అప్పజెబుతుంది. ఆ పైన స్లాబ్ లేస్తుంది. స్లాబ్ లేవకముందే నీ కోడ్ కేమాలాక్ (స్లాబ్ నుంచి జాగా) అడిగితే తప్పు నీదే. పొయ్యి ముట్టించకముందే అన్నం పెట్టమన్నట్టు.

ఫెయిల్ అయిన చోట అడిగిన సైజు చూడు. నమ్మలేనంత పెద్ద అంకె అయితే ఎక్కడో లెక్క తప్పింది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేముందో కెర్నెల్‌కు చెప్పే పట్టిక) ఒక్కో అడ్రస్‌కు, సైజుకు ఎన్ని అంకెలో అడ్రస్-సెల్స్, సైజ్-సెల్స్‌లో చెప్పి, రెగ్‌లో దానికి సరిపోని లెక్కన రాసి ఉంటావు. సైజు మామూలుగానే ఉంటే రిజర్వ్ లిస్టు, అంటే ఆ రెండోది, చదువు. సీఎంఏకో (డివైస్‌ల కోసం పక్కన పెట్టే పెద్ద జాగా) డిస్‌ప్లేకో ఎవరో అవసరానికి మించి జాగా పట్టి కూర్చుని ఉంటారు. ఇవన్నీ నువ్వే చేసుకోగలవు.

నా భయం వేరే ఉంది. మెమ్‌బ్లాక్ ఆ మొదటి లిస్టును సొంతంగా కొలవదు. మనం రాసిందే నమ్ముతుంది.

మీ తాత పహాణీ సంగతి గుర్తుందా? నువ్వు పుట్టకముందు కథ. కాగితం మీద 4 ఎకరాల 10 గుంటలు. ఆ లెక్కనే విత్తనాలు తెచ్చేవాడు, ఆ లెక్కనే అప్పు తెచ్చేవాడు, ఏటా విత్తనం మిగిలేది. "నేనే పలుచగ చల్లుతున్న" అనుకునేవాడు పాపం. ఒకసారి గట్టు పంచాయితీ వచ్చి గొలుసు వేసి కొలిస్తే తేలింది 3 ఎకరాల 22 గుంటలు. అన్నేళ్లు తన చేతినే తప్పుపట్టుకున్నాడు బాపు. అంత చూసి కూడా నేను అదే తప్పు చేశాను. ఇంకా అన్యాయమేమంటే, నా చేతిని కాదు, వేరేవాడి చేతిని తప్పుపట్టాను.

2017లో. కంపెనీ పేరు వద్దులే. 64 బిట్ ఆర్మ్ బోర్డు, మేమే గీసుకున్నది. చిప్ వాళ్ల రిఫరెన్స్ (నమూనా) బోర్డుకు 2 జీబీ ర్యామ్, ధర తగ్గుతుందని మాదానికి 1 జీబీ వేశారు. బూట్‌లోడర్ (కెర్నెల్‌ను లేపే ప్రోగ్రామ్) సెట్టింగులు నేను రిఫరెన్స్ బోర్డు నుంచి కాపీ కొట్టాను. ర్యామ్ సైజు అన్నచోట 2 జీబీ అలాగే ఉండిపోయింది. బూట్‌లోడర్ దాన్నే డివైస్ ట్రీలో రాసి కెర్నెల్ చేతికిచ్చింది.

బోర్డు అస్సలు లేవకపోతే ఒక్కరోజులో దొరికేది. లేచేది! అదే ప్రాణం తీసింది. ఒకసారి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (లేచేటప్పుడు కావలసిన ఫైళ్ల మూట) విప్పడం దగ్గర చెత్త ఉందనేది, ఒకసారి బ్యాడ్ పేజ్ స్టేట్ (పేజీ లెక్క చెడింది) అనేది, ఇంకోసారి చిన్న అలొకేషన్ దగ్గర పడిపోయేది. పదిసార్లకు ఒకసారి లాగిన్ దాకా వచ్చి మనల్ని ఆశపెట్టేది. ఒక్కోసారి ఒక్కోచోట పడుతోంది కాబట్టి ఇది సాఫ్ట్‌వేర్ కాదు, ర్యామ్ సోల్డరింగ్ సరిగ్గా లేదు అని తేల్చేశాను. మా దగ్గర సోల్డరింగ్ చేసేది పరకాల వైపు పిల్లగాడు, ఇరవై రెండేళ్లుంటాయి. అందరి ముందు "నీ చేయి వణుకుతుందా?" అన్నాను. వాడు ఏమీ అనలేదు. చిప్ తీసి, సోల్డర్ బాల్స్ మళ్లీ వేసి, మళ్లీ అతికించాడు. ఒకటి కాదు, మూడు బోర్డులు. మూడు వారాలు పోయాయి.

ఒక సాయంత్రం వాడే వచ్చాడు, చేతిలో భూతద్దం. "సార్, ఈ చిప్ మీద నంబర్, ఆ రిఫరెన్స్ బోర్డు చిప్ మీద నంబర్ ఒక్కటి కాదు. చూస్తరా?" అన్నాడు. చూశాను. కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది.

బూట్‌లోడర్ దగ్గర ఆపి, డీక్యాష్ (చదివింది, రాసింది ప్రాసెసర్ తన దగ్గరే దాచుకునే చోటు) ఆఫ్ చేశాను. అది మర్చిపోకు, క్యాష్ ఉంటే పాత సంగతే చెబుతుంది. ఎమ్‌డబ్ల్యూ కమాండ్‌తో ర్యామ్ మధ్యలో ఒక చోట నా స్కూటర్ నంబర్ రాశాను. ఎమ్‌డీతో సరిగ్గా 1 జీబీ అవతల చదివాను. నా స్కూటర్ నంబరే వచ్చింది. పై అడ్రస్ లైన్‌ను ఆ చిప్ పట్టించుకోదు కదా, అవతలి జీబీ అంటే ఇవతలిదే. ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్ట్రీ అయినట్టు. మెమ్‌బ్లాక్ మామూలుగా జాగాను పైనుంచి కిందికి ఇస్తుంది. లేని రెండో జీబీ చివర్న కెర్నెల్ తన పేజ్ టేబుళ్లు (అడ్రస్‌ల పట్టికలు) కట్టుకుంది. నిజానికి అవి ఉన్న జీబీ చివర్న పడ్డాయి. సరిగ్గా అక్కడే నేను ఆ ఫైళ్ల మూట (ఇనిట్‌ఆర్‌డీ) లోడ్ చేసి పెట్టాను. ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం, ఎవరికీ తెలియదు.

కమాండ్ లైన్‌లో మెమ్= అని పెట్టి సగం ర్యామ్‌తో లేపి చూసి ఉంటే అయిదు నిమిషాల పని. సగంతో నిక్కచ్చిగా లేచి మొత్తంతో తడబడిందంటే దొంగ పై సగంలో ఉన్నాడని అర్థం. మూడు వారాల్లో అది నాకు తట్టలేదు, ఎందుకంటే తప్పు నాది కాదని ముందే నిర్ణయించుకున్నాను.

ఆ పిల్లగాడికి సారీ చెప్పానా? "గుడ్ క్యాచ్" అన్నాను. భుజం మీద తట్టి. అంతే. ఆ తర్వాత ఆరు నెలలకు వాడు మానేసి వెళ్లిపోయాడు, నా వల్ల కాకపోవచ్చు. కాజీపేట స్టేషన్‌లో ఎవరైనా ఆ పోలికతో కనిపిస్తే ఇప్పటికీ ఆగి చూస్తాను.

కాబట్టి బిడ్డా, అన్నింటికంటే ముందు నీ బోర్డు మీది ర్యామ్ చిప్ నంబర్ భూతద్దం పెట్టి చదివి, డేటాషీట్‌తో కలిపి, కాగితం మీద రాసి గోడకు అంటించు. ఆ స్కూటర్ నంబర్ పరీక్ష చేయి. అంతవరకు మెమ్‌బ్లాక్ కోడ్‌లో వేలు పెట్టకు. అదే కెర్నెల్‌ను క్యూఈఎంయూలో (కంప్యూటర్‌లోనే నకిలీ బోర్డు) తక్కువ ర్యామ్ ఇచ్చి ఒకసారి నడుపు. అక్కడ లేచి బోర్డు మీద లేవకపోతే అనుమానం బోర్డు వివరాల వైపు తిప్పు. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చింది రాసిపెట్టుకో. రాత్రి రెండు దాటాక ఏదీ మార్చకు. మీ రూమ్‌లో రాత్రంతా లైటు వెలుగుతోందని మీ అమ్మకు ఎవరు చెప్పారో నాకు తెలియదు కానీ చెప్పారు.

సోల్డరింగ్ మీలో ఎవరు చేస్తున్నారు? ఆ అబ్బాయిని ఏమైనా అన్నావా? అని ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి మాట్లాడు, నా ఉత్తరం తర్వాత చదవొచ్చు.

ఉద్యోగం మానేసినందుకు నేను తిట్టను. మీ అమ్మ తిట్టమంది, తిట్టానని చెప్తాను. ఆదివారం హన్మకొండ రా, మిగతా ఇద్దరినీ తీసుకుని. మీ అత్త సర్వపిండి చేస్తానంది. నా పాత ఆసిలోస్కోప్ దుమ్ము దులిపి పెట్టాను, ఒక ఛానెల్ పనిచేస్తోంది. బోర్డును యాంటీస్టాటిక్ కవర్‌లో పెట్టి తే, పోయినసారిలా చున్నీలో చుట్టి బస్సెక్కకు.

మీ మామ
హన్మకొండ