చక్రానికి జిగురు పెట్టకండి

ప్రశ్న: మా తాతగారు తోలిన ఎడ్లబండి చక్రం ఒకటి మా వరండాలో గోడకు ఆనించి ఉంది. ఈమధ్య పిల్లలు దొర్లిస్తుంటే ఆకులు (మధ్య నుంచి అంచు దాకా ఉండే కర్రలు) కదులుతున్నాయి, ఇనుప పట్టా గలగలమంటోంది. జిగురు పోసి మేకులు కొట్టిస్తే గట్టిపడుతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ముందు పిల్లల్ని దాన్ని దొర్లించనివ్వకండి. పట్టా ఊడి కాలి మీద పడితే చిన్న దెబ్బతో పోదు.

నేను నలభై ఏళ్లు చక్రాలు చేశాను. ఒక్కదానికీ జిగురు వాడలేదు. చక్రం నిలబడేది బిగువు మీద. మధ్యలో ఇరుసు దూరే చెక్క దిమ్మ ఉంటుంది, దాన్నే కుండ అంటాం. ఆకుల మొదళ్లు అందులో దిగి ఉంటాయి. ఆకుల కొసలను వంపు చెక్కలు కలుపుతాయి. వాటి చుట్టూ పట్టా ఉంటుంది. పట్టా వంపు చెక్కలను నొక్కుతుంది, అవి ఆకులను కుండలోకి నొక్కుతాయి. మీ చక్రంలో పోయింది ఆ నొక్కుడే. చెక్క ఏళ్ల తరబడి ఎండితే అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువునా మాత్రం దాదాపు తగ్గదు. అందుకే ఆకుల పొడవు అలాగే ఉండి కుండ, వంపు చెక్కలు సన్నబడ్డాయి. ఇనుము తగ్గదు కదా, పట్టా వదులైంది. అక్కడ మేకు కొడితే ఎండిన చెక్క చీలుతుంది, అంతే.

ఎండాకాలంలో ఇలా వదులైన చక్రాలను రైతులు రాత్రంతా నీళ్లలో పడుకోబెట్టేవాళ్లు. చెక్క ఉబ్బి పొద్దున్నకి బిగుసుకునేది. నాలుగు రోజులు ఎండ తగిలితే మళ్లీ మొదటికే. ఎన్నిసార్లు నానబెడితే చెక్క అంత పాడవుతుంది.

అసలైన మందు పట్టా విప్పి, కొంచెం కోసి, మళ్లీ అతికి, కాల్చి ఎక్కించడమే. నా పని మొత్తంలో నాకు ఇష్టమైన రోజు అదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ముందు చిన్న ఇనుప బిళ్లకు సుద్దతో గుర్తు పెట్టి, దాన్ని చెక్క అంచు మీద దొర్లిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతాం. తర్వాత పట్టా లోపలివైపు అదే బిళ్ల దొర్లిస్తాం. 5 అడుగుల చక్రానికి చుట్టుకొలత సుమారు 188 అంగుళాలు. పట్టా దానికంటే ముప్పాతిక అంగుళం నుంచి అంగుళం దాకా తక్కువ ఉండాలి. అంత చిన్నది ఎలా పడుతుందని అడుగుతారు. పట్టాను నేల మీద పరిచి, చుట్టూ పిడకలూ కట్టెలూ పేర్చి, కొద్దిగా ఎరుపు తిరిగేదాకా కాలిస్తే ఆ అంగుళం తనే సాగుతుంది. అప్పుడు ముగ్గురు పెద్ద పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దింపుతారు. చెక్కకు మంట అంటుకుంటుంది, పొగ కళ్లలోకి కొడుతుంది. సుత్తితో నాలుగు వైపులా సమంగా దించి, వెంటనే నీళ్లు పోయాలి. పట్టా బిగుస్తూ ఉంటే ఒక్కో అతుకూ మూసుకుంటూ టక్కు టక్కుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విన్నాకే నేను గట్టిగా ఊపిరి తీసుకునేవాణ్ణి. పట్టా మరీ చిన్నదైతే చక్రం గాలికి తిరగబడ్డ గొడుగులా వంగిపోతుంది, నెలల పని పోతుంది. అందుకే కమ్మరి లేని వడ్రంగి పూర్తి చక్రం చేయలేడని ఎప్పుడూ చెబుతాను.

ఆ పని చేసే కమ్మరి దొరికితే, ముందు ఒక్కో ఆకునూ కొయ్య సుత్తితో తట్టి చూడమనండి. మంచి ఆకు ఖణేల్‌మంటుంది, పుచ్చిన ఆకు మొద్దుగా పలుకుతుంది. దొరక్కపోతే అలాగే ఉంచండి. తడి నేల మీద మాత్రం నిలబెట్టకండి, కింద ఆనిన చోట పుచ్చుతుంది. రెండు రాళ్ల మీద ఉంచి, ఏడాదికోసారి అవిసె నూనె పట్టించండి. రంగు వేయకండి. మీ తాతగారి బండి చక్రం మీద బాడిస (చెక్కను చెక్కే పనిముట్టు) గాట్లు ఉండే ఉంటాయి, రంగు వేస్తే అవి కనిపించవు.

ప్రశ్న: పాత చక్రాలు చదునుగా కాకుండా పళ్లెంలా లోతుగా ఉంటాయెందుకు? బరువుకు వంగిపోయాయా? – ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: వంగిపోలేదు బాబూ, కావాలని అలా చేస్తారు. లోతు బయటివైపు ఉంటుంది చూడు. పశువు నడిచేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది, దాంతో బరువు కుండను పక్కకు నెడుతుంది. కుండ బయటికి కదలాలంటే ఆకులు చదును కావాలి, ఆకులు చదును కావాలంటే అంచు పెద్దది కావాలి. పట్టా దాన్ని పెరగనివ్వదు. చదును చక్రానికి ఆ ఆసరా లేదు. ఇరుసు కొసలు కొంచెం కిందికి వంచి పెడతారు కాబట్టి, బరువు మోసే కింది ఆకు నేలకు నిటారుగా నిలుస్తుంది.

ప్రశ్న: ఈ పని నేర్చుకోవాలని ఉంది. ఏ చెక్క వాడాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక యువ పాఠకుడు

జవాబు: ఈ ప్రశ్న చదివి చాలా సంతోషించాను.

మన దేశంలో బండి చక్రానికి తుమ్మ పేరుపడ్డది. ఇంగ్లండ్‌లో ఒక్కో భాగానికి ఒక్కో చెట్టు వాడేవాళ్లు. కుండకు ఎల్మ్, ఆకులకు ఓక్, వంపు చెక్కలకు యాష్. కుండ చుట్టూ పన్నెండు బెజ్జాలు పడతాయి, అందుకని సులువుగా చీలని ఎల్మ్ కావాలి. ఏ చెట్టయినా బాగా ఆరాలి. అంగుళం మందానికి ఏడాది అని పెద్దల లెక్క. కుండ దుంగ మరీ లావు కాబట్టి ముందే మధ్యలో బెజ్జం వేసి, లోపలి నుంచి కూడా ఆరేలా ఏళ్లపాటు నీడలో ఉంచుతారు.

ఆ ఏళ్లు నేను ఆగలేకపోయాను. అప్పుడు నాకు పందొమ్మిది. కోతల రోజులు, ఒక రైతు రోజూ వచ్చి నిలబడేవాడు. మా నాన్న ఊళ్లో లేనప్పుడు సగం ఆరిన దుంగతో కుండ చేసి చక్రం ఇచ్చేశాను. నెల తిరక్కముందే ఒక బెజ్జం నుంచి ఇంకో బెజ్జానికి చీలింది. పనల బండి దారిలో ఆగిపోయింది, ఆ రాత్రి వాన పడింది. పంట తడిసిన ఆ మనిషి మొహం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. నాన్న నన్ను తిట్టలేదు. తొమ్మిదేళ్లుగా ఆరబెట్టుకుంటున్న దుంగ తీసి, ఉలి నా చేతికిచ్చి, పక్కన కూర్చున్నారు.

మీరు ఆకుతో మొదలుపెట్టండి. చెక్కను రంపంతో కోయకండి, గొడ్డలితో చీల్చండి. అప్పుడు నార ఈ కొస నుంచి ఆ కొసకు తెగకుండా వస్తుంది. దాన్ని బాడిసతో చెక్కి, కొసను కుసిగా, అంటే బెజ్జంలో దిగేలా సన్నగా తీసి, ఒక మొద్దులో బెజ్జం తొలిచి దిగ్గొట్టండి. చేత్తో లాగితే రాకూడదు, మొద్దు పగలకూడదు. ఇరవై ఆకులైనా చెక్కాక నాకు మళ్లీ రాయండి. కుండ జోలికి అప్పుడే పోకండి. దాని దుంగ మాత్రం ఇవాళే తెచ్చి నీడలో పెట్టండి.