వాడు అనాలా, అది అనాలా?

ప్రశ్న: ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలో అసలు రాక్షసుడు ఎవరు? విక్టరా, అతను తయారుచేసిన ప్రాణా? సృష్టించినవాడి బాధ్యత ఎంతవరకు?

నా జవాబు విక్టరే. అయితే శవాల ముక్కలు కూర్చి ప్రాణం పోసినందుకు కాదు.

ఈ నవల మాకు ఎంఏ ఇంగ్లీషులో ఉండేది. నిజం చెప్పాలంటే అప్పుడు పుస్తకం కంటే గైడే ఎక్కువ చదివాను. దేవుడి పనిలో మనిషి వేలు పెడితే ఇలాగే అవుతుందన్న ధోరణిలో ఒక జవాబు ఉండేది. దాన్ని బట్టీ పట్టి, పరీక్షలో దించేసి వచ్చాను. నా పాత పుస్తకం ఇంకా ఉంది. మార్జిన్లలో తెలుగులో రాసుకున్న నోట్సు నిండా ‘అది’ అనే ఉంటుంది. అది పారిపోయింది, అది చంపింది, అది మంచులోకి వెళ్లింది.

రెండోసారి చదివింది ఎనిమిదేళ్ల తర్వాత, ఆసుపత్రి కారిడార్‌లో. మా బాబు 32 వారాలకే పుట్టాడు. బరువు కిలో ఆరు వందలు. రోజుకి రెండుసార్లు లోపలికి పంపేవారు, మిగతా టైమంతా కుర్చీలో కూర్చోవడమే. ఫోన్‌లో ఉచితంగా దొరికే పాత పుస్తకాల్లో ఇది కనిపిస్తే తెరిచాను. ఇలాంటి చోట చదవాల్సిన పుస్తకమా అది అని మావారు విసుక్కున్నారు కూడా.

మొదటి రోజు బాబుని చూసి నేను తల తిప్పుకున్నాను. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కామెర్లతో ఒళ్లంతా పసుపు రంగు. నీలం లైట్ల కింద పడుకోబెట్టి, కళ్లకి గంతలు కట్టారు. చర్మం ఎంత పల్చగా ఉందంటే కింద నరాలు కనిపిస్తున్నాయి. భయపడ్డాను. నాలుగు అడుగుల దూరంలోనే నిలబడిపోయాను. సిస్టర్ చూసి, “చెయ్యి పెట్టండమ్మా, ఏం కాదు” అంది. కాసేపటి తర్వాత పెట్టాను.

ఆ సాయంత్రమే నవలలో ప్రాణం పోసే రాత్రి దగ్గరికి వచ్చాను. నవంబరు రాత్రి, వాన, అరిగిపోవచ్చిన కొవ్వొత్తి. దాదాపు రెండేళ్లు నిద్రాహారాలు మాని, అందమైన అవయవాలే ఏరి మరీ చేసుకున్న బొమ్మ కళ్లు తెరుస్తుంది. కింది కండరాలు, రక్తనాళాలు కనిపించేటంత పల్చటి పసుపు చర్మం. విక్టర్ గది వదిలి పారిపోయి, పడకగదిలో బట్టలతోనే మంచం మీద పడతాడు. పీడకల వచ్చి లేస్తే, మంచం తెర ఎత్తి ఆ ప్రాణి తననే చూస్తోంది. ఏవో అస్పష్టమైన శబ్దాలు చేస్తూ ఒక చెయ్యి చాస్తుంది. పట్టుకోవడానికి వస్తోందనుకుని విక్టర్ మెట్లు దిగి పరుగు. ఎంఏలో ఆ చెయ్యి నాకు పీక పిసకడానికి వచ్చిన చెయ్యిలాగే అనిపించింది. ఈసారి చదువుతుంటే పుట్టి గంటలు కూడా కాని బిడ్డ చెయ్యి అది.

ఆ పేజీలో ఇంకో సంగతి ఉంది. ఇంగ్లీషులో ఆ ప్రాణి ఊపిరి తీసుకున్న వాక్యంలో రచయిత్రి ‘అది’ అనే అర్థమిచ్చే మాటే వాడింది. కొద్ది వాక్యాలు దాటగానే ‘అతని’ అంటుంది. తెలుగులో దీని గురించి మాట్లాడాలంటే వాడు అనాలా, అది అనాలా అని ముందే తేల్చుకోవాలి, అక్కడే సగం తీర్పు ఇచ్చేస్తాం. నేను అప్పటి నుంచీ ‘వాడు’ అనే అంటున్నాను.

రచయిత్రి మేరీ షెల్లీ గురించి కూడా ఒక మాట. ఆమె పుట్టిన పదకొండో రోజున తల్లి చనిపోయింది. 1815లో తనకి నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల రెండు వారాలైనా బతకలేదు. ఆ మార్చిలో డైరీలో ఒక కల రాసుకుంది. పాప చనిపోలేదట, చలికి బిగుసుకుపోయిందంతే, నిప్పు దగ్గర ఒళ్లు రుద్దితే బతికిందట. మరుసటి ఏడాది, 1816లో, జెనీవా సరస్సు ఒడ్డున ఈ కథ మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకి 18 ఏళ్లు. ఇది తెలిశాక ఈ పుస్తకాన్ని ‘సైన్స్ ముప్పు’ అనే ఒక్క ముక్కతో సరిపెట్టేయడం నాకు చేతకాదు.

వాడికి పేరు కూడా లేదు. మా బాబు మణికట్టుకి కట్టిన పట్టీ మీద ‘బేబీ ఆఫ్’ అని, పక్కన నా పేరు ఉండేది. ఇరవై ఒకటో రోజు ఆసుపత్రిలోనే గడిచిపోయి, బారసాల ఆలస్యమైంది. ఫ్రాంకెన్‌స్టైన్ అంటే రాక్షసుడి పేరు కాదు, చేసినవాడి పేరు అని జనాన్ని సరిదిద్దే అలవాటు నాకూ ఉండేది. ఇప్పుడు మానేశాను. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది విక్టర్ ఇంటిపేరు. బిడ్డకి తండ్రి ఇంటిపేరు రావడంలో తప్పేముంది?

అలాగని వాడు అమాయకుడని నేననను. మొదట్లో డి లేసీ అనే కుటుంబం ఇంటి పక్క పాకలో దాక్కుని వాళ్ల తిండి కొంత దొంగిలించేవాడు. వాళ్లే పస్తులుంటున్నారని అర్థమయ్యాక మానేసి దుంపలు, కాయలు తిన్నాడు. రాత్రిళ్లు కట్టెలు కొట్టి గుమ్మం దగ్గర పెట్టాడు. గుడ్డి తాత ఒక్కడే వాడితో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. కొడుకు వచ్చి కర్రతో బాదితే, తిరిగి కొట్టగల బలం ఉండీ కొట్టలేదు. ఇదంతా నిజమే. కానీ విక్టర్ తమ్ముడు, చిన్నపిల్లాడు విలియంని చంపిన తర్వాత, నిద్రపోతున్న జస్టీన్ అనే పనమ్మాయి బట్టల్లో ఆ పిల్లాడి మెడలోని చిన్న చిత్రపటం తీసి దోపాడు చూడండి, అది ఆవేశం కాదు. లెక్క వేసి చేసిన పని. అప్పటికి వాడు పుట్టి రెండేళ్లు కూడా కాలేదు. ఆ లెక్క మనుషుల దగ్గరే నేర్చుకున్నాడు, అయినా నేరం నేరమే.

జస్టీన్ విచారణ భాగం మాత్రం దయచేసి నిదానంగా చదవండి. చంపిందెవరో విక్టర్‌కి తెలుసు. ఊరి బయట మెరుపు వెలుగులో వాడి ఆకారం చూసిన క్షణంలోనే అర్థమైంది. చెబితే పిచ్చివాడంటారని నోరు మూసుకుంటాడు. జస్టీన్ చెయ్యని నేరం ఒప్పుకుని ఉరికంబం ఎక్కుతుంది. ఈయనగారేమో, ఆమెకి నిర్దోషిననే ధైర్యమైనా ఉంది, నా బాధ అంతకన్నా ఎక్కువ అంటాడు! ఫోన్ విసిరికొట్టాలనిపించింది. తయారుచేయడం కుర్రతనం అనుకోవచ్చు, పారిపోవడం భయం అనుకోవచ్చు. నేనూ ఆ రోజు నాలుగు అడుగుల దూరంలోనే ఆగిపోయాను కాబట్టి ఆ భయం నాకు తెలుసు. ఈ మౌనానికి మాత్రం ఏ పేరూ పెట్టలేను.

మీ రెండో ప్రశ్నకి ఇందులోనే జవాబుంది. విక్టర్ బాధ్యత ఆ రాత్రితో తీరిపోలేదు. తర్వాత ప్రతి మలుపులోనూ నోరు విప్పే అవకాశం వచ్చింది. చివరికి ఉత్తర ధ్రువం దారిలో, ఓడలో, చావుకి ముందు తన నడతంతా పరిశీలించుకుని తప్పేమీ కనపడలేదంటాడు. తర్వాత వాడు వచ్చి శవం మీదికి వంగి క్షమించమని ఏడుస్తాడు.

చదవాలనుకుంటే 1818 నాటి మొదటి ప్రతి వెతకండి. ఎక్కువగా దొరికేది 1831లో ఆమె మార్చి రాసినది. అందులో విక్టర్ అంతా విధి అని మరీ ఎక్కువగా అంటుంటాడు. రెండేళ్లు తలుపులు బిగించుకుని తన చేతులతో తనే తయారుచేసినదానికి నుదుటిరాత ఏమిటో!