టైరు కొనే ముందు రిమ్ మీది నంబర్ చదువు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ డ్యూక్ 390 వెనక టైరు అరిగిపోయిందట, ఈసారి 160 (మిల్లీమీటర్ల వెడల్పు) టైరు వేయిస్తానని, కుదిరితే 180 అని అంటున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమె టెన్షన్ అంతా ఖర్చు గురించి, నా టెన్షన్ వేరే. మాటల్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. టైరు షాపు కోసం పుత్లిబౌలి వైపు బండి తిప్పే ముందు నిదానంగా చదువు.

ముందు రిమ్ చూడు. వెనక చక్రం మీద పోతపోసినట్టు 17, ఆ పక్కన ఎంటీ 4.00 అని ఉంటుంది. 17 అంటే రిమ్ వ్యాసం, 4.00 అంటే దాని వెడల్పు, రెండూ అంగుళాల్లోనే. ఎంటీ రిమ్ అంచు ఆకారానికి గుర్తు. ఈ 4.00ని రిమ్ లోపలి అంచు నుంచి లోపలి అంచు వరకు కొలుస్తారు, అంటే టైరు బీడ్ (రిమ్‌లో ఇరుక్కునే దాని గట్టి లోపలి అంచు) కూర్చునే చోట. బయటి నుంచి టేపు పెడితే అంచుల మందం కూడా కలిసి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి "నీ రిమ్ నాలుగున్నర ఉంది, 160 హాయిగా పడుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకు. టైరు విప్పాక లోపల కొలిపించు, సుమారు 102 మిల్లీమీటర్లు వస్తుంది.

ఇప్పుడు కంపెనీలు ఏ టైరుకు ఏ రిమ్ ఇచ్చాయో చూడు. నీ బండికి 4.00 రిమ్ మీద 150/60 (మొదటిది వెడల్పు, రెండోది పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో). నింజా 650కి 160/60, కానీ రిమ్ 4.50. జెడ్ 900కి 180/55, రిమ్ 5.50. లీటర్ బండ్లలో, అంటే 1000 సీసీ వాటిలో, 190/55 వేసేవాటికి రిమ్ 6.00. టైరు వెడల్పు పెరిగినప్పుడల్లా రిమ్ కూడా పెరిగింది. నీ ఫ్రెండ్స్ చూసి మురిసిపోయే ఆ లావు టైర్ల కింద లావు రిమ్ములున్నాయి. అది వాళ్ల కంట పడదు.

4.00 మీద 160 ఎక్కిస్తే ఏమవుతుందో కాస్త వివరంగా చెబుతాను, అసలు విషయం ఇక్కడే ఉంది. రెండు బీడ్‌లూ ఉండాల్సిన దానికంటే దగ్గరికి వస్తాయి. సైడ్‌వాల్స్, అంటే టైరు పక్క గోడలు, లోపలికి లాక్కుపోతాయి, రోడ్డును తాకే నడినెత్తి పైకి లేస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన టైరు కోడిగుడ్డు మొనలా తేలుతుంది. తిన్నగా పోయేటప్పుడు రోడ్డును తాకేది ఆ సన్నటి నడిమి పట్టీ మాత్రమే, అరుగుదలంతా అక్కడే. హైదరాబాద్‌లో నువ్వు తిరిగేదంతా సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు తిన్నటి రోడ్డే కాబట్టి కొత్త టైరు నడుమ త్వరగా చదునైపోతుంది. ఆ తర్వాత బండి వంచితే ఆ చదును అంచు దాటే చోట ఒక్కసారి తూలినట్టు అవుతుంది. టైరు చేసినవాళ్లు మలుపుకోసం లెక్కగట్టిన ఆ వంపు నీకు అందదు.

ఇంకో సంగతి. పక్కన 160 అని అచ్చు ఉన్నంత మాత్రాన అది నీ రిమ్ మీద 160 వెడల్పుకు రాదు. అర అంగుళం రిమ్ తగ్గితే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు సన్నబడుతుంది. అంటే ఎక్కువ డబ్బు పెట్టి, బరువు పెంచుకుని, నీకు దక్కేది సుమారు 155. లావు టైరుకు గ్రిప్ ఎక్కువని చాలామంది నమ్ముతారు. రోడ్డుకు ఎంత మేర ఆనుతుందనేది ప్రధానంగా బండి బరువు, లోపలి గాలిని బట్టే ఉంటుంది, వెడల్పు మారితే ఆ ముద్ర ఆకారం మారుతుంది. గ్రిప్ కావాలంటే 150లోనే మెత్తటి, మంచి రబ్బరున్న రేడియల్ (లోపలి దారాలు ఒక బీడ్ నుంచి మరో బీడ్‌కు అడ్డంగా ఉండే టైరు) కొను. ఆ డబ్బు అక్కడ పెడితే నాకు సంతోషం.

180 మాట మాత్రం ఈ ఇంట్లో ఎత్తకు. నాలుగంగుళాల రిమ్ మీద దాని బీడ్ సరిగ్గా కూర్చోదు, చైన్‌కూ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కూ తగులుతుంది.

ఎత్తు లెక్క కూడా వేసుకో. 150/60లో సైడ్‌వాల్ ఎత్తు 150లో 60 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు. 160/60కి అది 96. చక్రం వ్యాసం 12 మిల్లీమీటర్లు పెరిగి బండి వెనక 6 మిల్లీమీటర్లు లేస్తుంది. స్పీడోమీటర్, గేర్ లాగే తీరు కొద్దిగా మారతాయి. బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ముందు, వెనక చక్రాల వేగాలను పోల్చి చూస్తుంది కాబట్టి ఆ నిష్పత్తిని ఊరికే కదిలించడం నాకు ఇష్టం లేదు. వెడల్పు అంకె పెద్దదైతే టైరు ఎత్తు కూడా పెద్దదేనని అనుకోకు. 190/50 టైరు 180/55 కంటే పొట్టి.

సన్నటి టైరుతోనూ తిప్పలే. వెడల్పు రిమ్ మీద మరీ సన్నటిది వేస్తే నడినెత్తి చదునవుతుంది, బండి మలుపుకు బద్ధకిస్తుంది, మన వానాకాలపు గుంతల్లో రిమ్ అంచుకే దెబ్బ తగులుతుంది. 140/70తో అంత ఇబ్బంది రాదు. నింజా 300కి కంపెనీయే వేసిన సైజు అది. కానీ చక్రం వ్యాసం 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తక్కువకు వస్తోందని దానికీ తలూపకు.

షాపులో పక్కన రాసినవి నువ్వే చదువు. 66హెచ్ ఉంటే 300 కిలోల బరువు, గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు అని. కంపెనీ ఇచ్చినదానికంటే తక్కువది తీసుకోకు. నాలుగు అంకెల తయారీ తేదీ ఉంటుంది, 2324 అంటే 2024లో 23వ వారం. ముందు చక్రానికి రేడియల్ ఉంటే వెనకా రేడియలే. బిగించేటప్పుడు బాణం గుర్తు చక్రం తిరిగే దిశలో ఉందో లేదో దగ్గరుండి చూడు. బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి చైన్ దగ్గర, మడ్‌గార్డ్ దగ్గర సందు చూసుకో. వేగంలో టైరు కొంచెం ఉబ్బుతుంది, అందుకని వేలు దూరేంత ఖాళీ ఉండాలి.

కొత్త టైరు పైపొర మొదట్లో జారుతుంది. తొలి వంద, నూట యాభై కిలోమీటర్లు నెక్లెస్ రోడ్డు, గండిపేట లాంటి చోట్ల మెల్లగా తిప్పు. అనంతగిరి మలుపులు ఆ తర్వాత. చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించు, స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కర్ ఉంటే అందులో ఉన్నంతే. అది చిరిగిపోతే మాన్యువల్ చూడు.

రేపు పొద్దున రిమ్ మీది అంకె, పాత టైరు పక్క రాత, రెండింటి ఫొటోలు నాకు వాట్సాప్‌లో పంపు. ఏ టైరు అడగాలో రాసి పెడతాను, షాపుకు అది పట్టుకెళ్లు.

మామయ్య